ఆల్బమ్‌లో ట్యూనుందట!

“విని ఆనందించేవాడు ఉత్త శ్రోత, విని తట్టుకునేవాడే రసికుడు!”

ఈ మహావాక్యం సింగపూర్ తెలుగు ప్రయోగ సంగీతాభిమానుల సంఘం నియమావళిలో ఒకటో నిబంధన. రాసింది నేనే. సంఘానికి అధ్యక్షుణ్ణీ నేనే. మహీధర్ కార్యదర్శి, కాత్యాయనిగారు ఉపాధ్యక్షురాలు. సామాన్య సభ్యుడు కౌశిక్ ఒక్కడే. అతనికీ ఏదో ఒక పదవి చూడాలని గట్టిగా అనుకుంటున్నాం.

మేం ప్రాణం పెట్టే బ్యాండు పేరు ‘తుప్పు’. అందులో ఉన్నది ఇద్దరే: హరిదాస్, అతని చెల్లెలు మాలిని. మలేసియాలో పుట్టి ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళు. హరిదాస్‌కి జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీల్లో పైపులు బిగించే ఉద్యోగం. మొదటి ఆల్బమ్ నిండా ఇనప గొట్టం మీద స్పానర్ దెబ్బలే. రెండోదాంట్లో లిఫ్టు తలుపు మూసుకోబోయి తెరుచుకుంటుంది, అంతే! మూడోది వింటూ కౌశిక్‌కి కళ్ళు తిరిగితే సంఘం తరఫున శాలువా కప్పాం. చాంగీ బిజినెస్ పార్క్‌లో మా ఆఫీసు వాళ్ళంతా సినిమా పాటలు పాడుకుంటూ తిరుగుతుంటే, వాళ్ళను చూసి జాలిపడే హక్కు మాకు మాత్రమే ఉండేది. ఆ హక్కు కోసం నేను ఏమైనా వింటాను.

అలాంటి తుప్పు వారి నాలుగో ఆల్బమ్ విడుదలైంది! సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాటులో తొలి శ్రవణ సమావేశం పెట్టాం. నలుగురం ముఖాలు గంభీరంగా పెట్టుకుని కూర్చున్నాం. మొదటి రెండు నిమిషాలు హాయిగా, కర్ణకఠోరంగా సాగింది. మూడో నిమిషంలో ఘోరం జరిగిపోయింది. ట్యూను వచ్చింది!

అదీ మామూలు ట్యూను కాదు. గుండెలో దూరి కుర్చీ వేసుకుని కూర్చునే రకం! నా కుడికాలు తాళం వేయబోతే ఎడమకాలితో తొక్కిపట్టాను. మహీధర్ పెదవి కొరుక్కున్నాడు. కాత్యాయనిగారు చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

వంటింట్లోంచి మా అత్తగారు గరిటెతో సహా వచ్చేశారు.

“ఎంత బావుంది బాబూ! ఇన్నాళ్ళకి మనుషులు వినే పాట పెట్టావు!”

కొంప మునిగింది! అత్తగారికి నచ్చిందంటే ఇక మా గొప్పతనం ఏం మిగిలింది?

అప్పటికప్పుడు అత్యవసర సమావేశం జరిపాం. “ట్యూనుల్ని వెక్కిరించడానికే ట్యూను పెట్టారేమోనండీ?” అన్నాడు కౌశిక్ ఆశగా. ఆ కోణం తేల్చడానికి ఏకసభ్య విచారణ సంఘం వేశాం. ఆ ఏకసభ్యుణ్ణీ నేనే. వారం రోజులు, కేవలం విచారణ నిమిత్తం, ఆల్బమ్‌ను అరవై మూడు సార్లు విన్నాను. ట్రైన్లో విచారించాను, స్నానం చేస్తూ విచారించాను. చివరకు పదకొండు పేజీల నివేదిక రాసి, మా నలుగురి ముందుకూ హరిదాస్‌నే పిలిపించాను.

ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కూర్చోకముందే, “బావుందా అంకుల్?” అని అడిగాడు.

“అది తర్వాత. ముందు సంజాయిషీ చెప్పు! మూడు ఆల్బమ్‌లు అంత నిష్ఠగా చేసినవాడివి, ఇందులో ట్యూను ఎలా వచ్చింది?”

హరిదాస్ తల గోక్కుని, మాట చివర ‘లా’ తగిలించే సింగపూర్ యాసలో మొదలుపెట్టాడు. “అప్పుడూ ట్యూనే పెడదామనుకున్నాం అంకుల్. వాయించడం రాలేదు లా! రెండేళ్ళు నేనూ మాలినీ క్లాసుకెళ్ళాం. ఇప్పుడొచ్చేసింది.”

“మరి ఆ స్పానర్ దెబ్బల్లోని పారిశ్రామిక వేదన?” అన్నారు కాత్యాయనిగారు నీరసంగా.

“అది మేం కొట్టింది కాదు ఆంటీ. పక్కన రిపేరు జరుగుతోంది, రికార్డింగులో పడిపోయింది.”

నలుగురి ముఖాలూ మాడిపోయాయి. నేను లేచి నిలబడ్డాను. సంఘం పరువు నా చేతుల్లో ఉంది మరి!

“నేర్చుకుని వాయించడం పచ్చి మోసం! తుప్పును మన అభిమానం నుంచి తక్షణం బహిష్కరించాలని ప్రతిపాదిస్తున్నాను. సమ్మతించేవారు చేతులెత్తండి!”

నాలుగు చేతులూ ఒక్కసారే లేచాయి. హరిదాస్ మొహం చిన్నబోయింది. నెమ్మదిగా జేబులోంచి ఫోను తీశాడు.

“కోపం తెచ్చుకోకండి అంకుల్. మరి ఈ మెసేజ్‌లు ఎందుకు పంపారు? ‘ఎక్స్‌పో స్టేషన్లో దిగాలి, పాట అవలేదని దిగలేదు. మా ప్రెసిడెంటుకు చెప్పకు.’ ఇది మహీధర్ అంకుల్‌ది. ‘విని సంతోషంతో ఏడ్చాను బాబూ, గుట్టుగా ఉంచు.’ ఇది ఆంటీది. కౌశిక్ అన్నయితే ఆరు పంపాడు.”

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి.

“చాలు నాయనా, ఫోను లోపల పెట్టేయ్. టిఫిన్ చల్లారిపోతోంది,” అన్నాను.

“చదవనివ్వండి పార్థసారథిగారూ! అన్నీ మినిట్స్‌లో రాసుకోవాలి,” అన్నాడు మహీధర్ కసిగా.

“ఇంకొక్కటే ఉంది.” హరిదాస్ గొంతు సవరించుకున్నాడు. “‘బంగారు తండ్రీ! నీ పాట వింటూ బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కనావిడ భయపడి వేరే సీటుకు వెళ్ళిపోయింది! ఇలాంటివి ఇంకో పది చెయ్యి, నీకు పుణ్యముంటుంది. మా వాళ్ళకు తెలిస్తే మాత్రం నా పరువు పోతుంది. ఇట్లు, అజ్ఞాత అభిమాని.’”

“ఎవరబ్బా?” అన్నారు కాత్యాయనిగారు.

“పేరు లేదాంటీ, నంబరూ కొత్తదే. కాగితం మీద రాసి ఫొటో తీసి పంపారు. కింద గుండ్రంగా ఏదో స్టాంపుంది.”

అందరూ నావైపు తిరిగారు. ఏం చెయ్యను? అధ్యక్షుడి ముద్ర వెయ్యకుండా ఉత్తరం ముగించే అలవాటు నాకు లేదు!