తాంకీడు నీళ్లు, గుండిగెడు పులిహోర

శుక్రవారం పొద్దున్నే బయల్దేరి, మధ్యాహ్నానికల్లా ఊరికి దూరంగా ఉన్న వఫ్రాలో కార్తీక వనభోజనానికి చేరుకోవాలన్నది అనంతరామ్ ఏర్పాటు. ఈ అరబ్బు ఎడారిలో వనమేమిటని అడక్కండి. ఉసిరి మొక్కను కుండీతో సహా మనవాళ్లే పట్టుకెళ్తారు. అద్దెకు తెచ్చిన కారవాన్ రిగ్గైలో వాళ్లుండే బిల్డింగ్ ముందు జీపు వెనక తగిలించి ఉంది. పులిహోర బాధ్యత అతని భార్య వసుమతిది. పళ్ల డాక్టరుకి పోపేం తెలుసని కిందటేడు అందరి ముందూ అన్న తోటి తెలుగావిడ వెంకటదుర్గ నోరు ఈసారి మూయించాలని, వసుమతి చీకటితోనే లేచి గుండిగెడు కలిపింది.

బరువెక్కువైతే కారవాన్ తోక ఊపుతుందని దాని యజమాని అబూ ఫహద్ ముందే హెచ్చరించాడు. అంతే, ఇండియా ప్రయాణాలకు వాడే కొక్కెం త్రాసు తీసి అనంతరామ్ ప్రతి సంచినీ వేలాడదీయసాగాడు.

"ఆ పీటలెందుకు? తీసెయ్."

"పోనీ హ్యాండ్ బ్యాగేజీలో పెడతాలెండి."

"ఇది ఎయిర్‌పోర్టు కాదే! ఒళ్లో పెట్టుకున్నా బరువు బరువే!"

అంతలో కారవాన్ నీళ్ల తాంకీ సంగతి గుర్తొచ్చి అబూ ఫహద్‌కు ఫోన్ చేశాడు. "తాంకీలో మాయ్ ఉందా?"

"మాయ్ ఖల్లీ, ఖల్లీ!" అన్నాడతను.

మన 'ఖాళీ' అరబ్బీ నుంచే వచ్చిందని ఎక్కడో చదివిన అనంతరామ్ తన పరిజ్ఞానానికి తనే మురిసిపోయి, పైపు పెట్టి తాంకీని అంచుదాకా నింపాడు.

జీపు వెనక భాగం కుంగింది. అతని చూపు గుండిగ మీద పడింది.

"దీన్ని దింపేద్దాం. మా ఆఫీసు సూర్యకిరణ్ వెనకే వస్తున్నాడుగా, తన కారులో తెస్తాడు."

"నా పులిహోర నాతోనే వస్తుందండీ."

"కారవాన్ బోల్తా పడితే రోడ్డు మీద ఏరుకు తినాలి వసూ."

గుండిగ దిగింది. "లోగ్ ఆయేగా, లే జాయేగా" అని వచ్చీరాని హిందీలో వాచ్‌మన్‌కు అప్పజెప్పి బయల్దేరాడు.

వఫ్రా రోడ్డెక్కాక కూడా కారవాన్ తోక ఊపడం మానలేదు. పక్కకు ఆపి మళ్లీ అబూ ఫహద్‌కు ఫోన్ చేస్తే, ఈసారి వసుమతి లాక్కుంది. క్లినిక్‌లో రోజూ అరబ్బీలోనే నోళ్లు తెరిపించే మనిషి. అంతా విని ఫోన్ పెట్టేసింది.

"ఖల్లీ అంటే ఖాళీ కాదండీ, ఉండనీ అని! నీళ్లు అక్కడే దొరుకుతాయి, వదిలెయ్ అన్నాడట. మీరు తాంకీడు నీళ్లెక్కించి నా పులిహోర దింపించారు."

నీళ్లు వదిలేద్దామంటే తాంకీ అడుగున మర ఎంత తిప్పినా ఊడి రాలేదు. అనంతరామ్ నత్తనడకన నడిపాడు.

వఫ్రాలో ఉసిరి కుండీ చుట్టూ చాపలు పరిచి, విస్తళ్లు వేసి అందరూ ఎదురుచూస్తున్నారు. వెంకటదుర్గ గరిటె పట్టుకుని మరీ నిలబడింది. కాసేపటికి సూర్యకిరణ్ వచ్చి, గుండిగను ఒంటిచేత్తో దింపాడు.

"గుండిగ ఖాళీ అండి."

"ఖాళీయా, ఖల్లీయా?" అడిగింది వసుమతి.

"మన తెలుగు ఖాళీయేనండి. జనం వచ్చి పట్టుకెళ్తారని సార్ చెప్పారంట కదండి, వాచ్‌మేను తలుపు తలుపూ కొట్టి బిల్డింగంతా పంచేశాడండి. ఇంత కమ్మటి పులిహోర జన్మలో తినలేదన్నారంటండి!"

వసుమతికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వెంకటదుర్గ గరిటె కింద పెట్టేసింది. రుచి చూడని దానికి వంక పెట్టడం ఆవిడకైనా చేతకాలేదు.

ఆ పూట అందరూ అప్పడాలతో, పెరుగుతోనే కానిచ్చారు. చేతులు కడుక్కోవడానికి మాత్రం నీళ్లు పుష్కలం.