టిష్యూ ప్యాకెట్ సాక్ష్యం

ఆ ఉదయం టెక్ హువాట్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. భార్య స్వీ ఎంగ్ బస్టాపుకెళ్ళి కాబోయే వియ్యపురాలు యాప్ మేడంని తీసుకొస్తుంది. ఆవిడ భర్త కిమ్ లెంగ్ వ్యాయామం పేరుతో నడిచి వస్తాడు. ఈలోగా తను ఫుడ్ సెంటర్‌లో నలుగురికి సరిపడే బల్ల పట్టి, కాఫీలు చెప్పాలి. కూతురు హ్వీ లింగ్ పెళ్ళి తేదీ ఖాయం చేసుకోవాలి. సింగపూర్‌లో బల్ల పట్టడమంటే దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళడమే. పెట్టాడు, వెళ్ళాడు.

భయమల్లా వియ్యపురాలి గురించే. ముప్పై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసిన మనిషి. సంబంధం మాట ఎత్తిన రోజే ఆవిడ, "మీ ఇంట్లో ఎవరికైనా నోటీసు ముట్టిందా?" అని అడిగింది. నలభై ఏళ్ళు బస్సు నడిపి ఒక్క జరిమానా నోటీసూ ఎరగని టెక్ హువాట్, ఛాతీ విరుచుకుని "లేదు" అన్నాడు.

కాఫీ క్యూలోంచి తిరిగొచ్చేసరికి ప్యాకెట్ పక్కన ఎవరో తిని వదిలేసిన ట్రే ఉంది. గిన్నెలో కాసిని నూడుల్స్, సాసర్ నిండా ఏరి పెట్టిన పెసర మొలకలు. ఎదురుగా నలగని యూనిఫాంలో, నోటీసు పుస్తకంతో ఒక అధికారి.

"ప్యాకెట్ మీదేనా, అంకుల్?"

"నాదే."

"అయితే ట్రే కూడా మీదే. తిన్నాక తీసి స్టాండులో పెట్టకపోవడం నేరం."

"నేనింకా కాఫీ చుక్కయినా తాగలేదయ్యా!"

"తినలేదని రుజువుందా?"

టెక్ హువాట్‌కి ఒళ్ళు మండింది. తిననివాడు రుజువెలా చూపిస్తాడు, పొట్ట కోసా? ఈ ఊళ్ళో ఉమ్మితే శిక్ష, చూయింగ్ గమ్ అమ్మితే శిక్ష. అన్నీ బుద్ధిగా నేర్చుకుని తలొంచుకు బతికినవాడికి ఈ వయసులో దక్కే మర్యాద ఇదా! "నేనే తీసి పెడతాలే" అని ట్రే విసురుగా ఎత్తాడు. గిన్నె ఒరిగి నూడుల్స్ నేలపాలయ్యాయి. క్షణంలో గోరింకల గుంపు దిగింది.

అధికారి పేజీ తిప్పాడు. "నేల మీద చెత్త వేయడం. పక్షులకు మేత పెట్టడం."

"నేనేమైనా వాటిని భోజనానికి పిలిచానా? హుష్! హుష్!" అని చెయ్యి విదిలిస్తే, అది తగిలి అధికారి టోపీ ఎగిరిపోయింది.

"విధుల్లో ఉన్న అధికారి మీద..."

"అది టోపీ!"

"టోపీ కూడా విధుల్లోనే ఉంది, అంకుల్."

"రాసుకో! ఊపిరి పీల్చానని కూడా రాసుకో! తిన్నవాణ్ణి పట్టుకోవడం చేతకాక, దొరికినవాణ్ణి నేరస్థుణ్ణి చేస్తావా?"

చుట్టుపక్కల బల్లల దగ్గర అంతా చూసినవాళ్ళు పాతికమంది ఉన్నారు. అయినా ఎవరి గిన్నెలోకి వాళ్ళు తొంగి చూసుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే స్వీ ఎంగ్ వెంట యాప్ మేడం వచ్చింది. "నోటీసా? ఇలాంటి ఇంటి పిల్లనా మేం చేసుకునేది!"

"ఆయన తినలేదు మేడం. ఇంట్లో జావ తాగే వచ్చారు," అంది స్వీ ఎంగ్ ఏడుపు గొంతుతో. పిల్ల పెళ్ళి కళ్ళముందే చెడిపోతోంది.

యాప్ మేడం చూపు సాసర్ మీద ఆగింది. మొహం ఎర్రబడింది. "మొలకలు ఇలా ఏరి పెట్టేది ఈ ఊరు మొత్తానికి ఒక్క మనిషే! కిమ్ లెంగ్!"

స్తంభం వెనక కుళాయి దగ్గర మూతి కడుక్కుంటున్న కిమ్ లెంగ్ బయటికొచ్చాడు. "బావగారు ప్యాకెట్ పెట్టడం చూశాను. మన బల్లే కదా అని కూర్చున్నా. నువ్వు బస్సు దిగడం చూసి పరిగెత్తాను. డాక్టరు నూడుల్స్ వద్దన్నాడని నువ్వు..."

"మీ గుర్తింపు కార్డు, అంకుల్," అన్నాడు అధికారి, ఇంకో పేజీ తిప్పి.

యాప్ మేడం భగ్గుమంది. "ఒక్క ట్రేకి నోటీసా? పెద్దాయనని కూడా చూడరా? అసలు మనుషులేనా మీరు?"

"మేడం," అన్నాడు టెక్ హువాట్ నెమ్మదిగా, "మీ ఇంట్లో ఎవరికైనా నోటీసు ముట్టిందా?"

ఆవిడ చూపు గోరింకల మీదికి మళ్ళించింది. "జూన్‌లో మంచిరోజుంది," అంది.

అధికారి ట్రే నేరాన్ని టెక్ హువాట్ పేరు మీంచి కొట్టేశాడు. గోరింకల్నీ టోపీనీ మాత్రం ఉంచేశాడు. ఇద్దరు వియ్యంకులకూ చెరో నోటీసు ఇచ్చి, ప్యాకెట్‌ను సాక్ష్యంగా కవర్లో వేసుకుని వెళ్ళిపోయాడు. నలుగురూ కూర్చుందామని తిరిగేసరికి బల్ల మీద ఎవరిదో కొత్త టిష్యూ ప్యాకెట్ ఉంది.

ఏ చట్టంలోనూ లేని, ఏ శిక్షా లేని నియమం కాబట్టి, నలుగురూ మారుమాట లేకుండా ఇంకో బల్ల వెతుక్కున్నారు.