గ్రీవావిజయము అను హైమా సెన్సే మెడకథ

శ్రోతలారా, మెడలు సవరించుకొని కూర్చోండి! భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో, నిత్యఘర్మజలసిక్తమై, నిత్యవర్షధారాధౌతమై, ఎండకూ వానకూ ఒకే గొడుగుతో సరిపెట్టుకొనే సింగపూరు ద్వీపంలో, టోవా పాయో అనబడు బహుళాంతస్తుసౌధారణ్యమధ్యంబున, కిటికీ బయటి వెదురుకర్రల మీద ఆరేసిన చీరలు యుద్ధపతాకలై రెపరెపలాడుతుండగా, తెనాలివంశాబ్ధిచంద్రిక, ఆంగ్లవ్యాకరణారణ్యసింహి, ఫిల్టరుకాఫీపానధురీణ అయిన శ్రీమతి హైమావతి ఒక శుక్రవారం ఉదయాన మెడతో యుద్ధానికి బయలుదేరింది. ఎవరి మెడతో అని అడుగుతారేమో. తన మెడతోనే.

ఈ వీరనారి ఆ ఊళ్లో జపాను పిల్లల కోసం నడిచే ఒక ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి ఇంగ్లిష్ చెబుతుంది. పిల్లలు ఆమెను ‘హైమా సెన్సే’ అంటారు. సెన్సే అంటే వాళ్ల భాషలో పంతులమ్మ. గడప దగ్గర వీధిచెప్పులు విడిచి లోపలి బూట్లు తొడుక్కోవడం, పాఠం మొదట్లో పిల్లలంతా లేచి నడుము వంచి నమస్కరిస్తే తానూ వంగడం, ఎవరు ముందు మాట్లాడాలన్న మహావివాదాలను పిడికిలి, కత్తెర, కాగితం ఆటతో తీర్చడం, మధ్యాహ్నం తడిగుడ్డ పట్టుకుని పిల్లలతో సమానంగా నేల తుడవడం, ఇవన్నీ ఆమె ఏడాదిలో ఔపోసన పట్టింది. శరీరంలో ప్రతి అవయవమూ జపాను మర్యాదకు లొంగింది. మెడ ఒక్కటే లొంగలేదు.

ఆ మెడ సంగతి చెప్పాలి. ఎవరైనా సరైన మాట చెబితే చాలు, హైమావతి తల కుడిభుజం వైపు ఓసారి, ఎడమభుజం వైపు ఓసారి వాలి, మళ్లీ కుడికి వచ్చి, గంధం పూసుకున్నంత చల్లగా ఊగేది. భేష్, అంతే, కానివ్వు అని దానర్థం. తెనాలిలో పాలుపోసే ఆవిడకు కూడా తెలిసిన అర్థం అది. జపాను బాలబాలికలకు మాత్రం తెలియదు. వాళ్ల లెక్కలో తల కిందికి దిగితే ఒప్పు, పక్కలకు కదిలితే తప్పు. పైగా పిల్లలు తప్పు చెప్పినప్పుడు ఈ కరుణామయి నొచ్చుకుంటారేమోనని కదలక మెదలక చిరునవ్వుతో నిలబడేది. ఇక చూసుకోండి, ఒప్పంతా తప్పు, తప్పంతా ఒప్పు!

ఆ అనర్థానికి మొదట బలైంది హినాతా. రెండు పిలకలు, ముందు పళ్ల మధ్య ఒక సందు, తరగతిలో అందరికన్నా ముందు లేచే చెయ్యి. ఒకనాడు హైమావతి బొమ్మ చూపించి ఇదేమిటంటే, ఆ పిల్ల ఎగిరి లేచి “పెంగ్విన్!” అంది. హైమావతి తల పరమానందంతో ఊగింది. హినాతా మొహం వాడిపోయింది. “...డక్?” అంది. హైమావతి తల ఆగిపోయింది. హినాతా ఊపిరి పీల్చుకుని కూర్చుంది. ఆ సాయంత్రం ఆ పిల్ల వేసిన నల్లకోటు పెంగ్విన్ బొమ్మ, కింద ‘డక్’ అన్న అక్షరాలతో తరగతిగోడ ఎక్కింది. జపాను బాతులు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకుని హైమావతి దాన్ని మెచ్చుకుంది కూడా, తల ఊపి మరీ.

ఆ తరవాత హినాతా చెయ్యి లేవడం మానేసింది.

కారణం చెప్పింది తరగతి ఉపాధ్యాయిని నకాజిమా. మర్యాదకు మారుపేరైన ఆ ఇల్లాలు సోమవారం నాడు మెట్ల దగ్గర హైమావతిని ఆపి, ఇంగ్లిష్‌లో, గాజుసామాను కిందపెడుతున్నంత నెమ్మదిగా మొదలుపెట్టింది.

“చిన్న సందేహం, హైమా సెన్సే. చాలా చిన్నది. అసలు సందేహమే కాదు. పెంగ్విన్‌ను పెంగ్విన్ అనడం... తప్పాండీ?”

“అయ్యో, ఒప్పే కదా!” అంది హైమావతి, తల ఊపుతూ.

నకాజిమా వేలు చూపలేదు. మర్యాద అడ్డొచ్చింది. ఆ ఊగుతున్న తల వైపు ఒక్క చూపు చూసి, నేలచూపులు చూసింది. అంతే. హైమావతికి ఏడాది మొత్తం కళ్లముందు తిరిగింది. తాను మెచ్చుకున్న ప్రతి పిల్లా ఎందుకు రబ్బరు తీసుకుని చెరిపేసుకుందో అర్థమైంది. హినాతా వాడిన మొహం గుర్తొచ్చింది. ఆ తరగతికి తన తరవాతి పాఠం శుక్రవారమే, అదీ తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చే రోజు. ఆ రోజు, ఆ పిల్ల అమ్మ ఎదుట, ఆ చెయ్యి మళ్లీ లేవాలి. లేచిన చేతికి అచ్చమైన, నిట్టనిలువు అవును దక్కాలి.

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర, చారుగిన్నె సాక్షిగా, గరిటె ఎత్తి ఆమె ప్రతిజ్ఞ చేసింది.

“వినుడు, టోవా పాయో వాసులారా! శుక్రవారపు సూర్యుడు అస్తమించులోపల ఈ శిరంబును ఉత్తరదక్షిణంబులకు ఒరగనీయక, ఊర్ధ్వాధోమార్గంబున నడిపింతును. నడిపింపనేని, నేను హైమావతిని కాను, ఈ చారు చారు కాదు!”

“చారు బానే ఉంది గానీ, ప్లాన్ ఏంటి?” అన్నాడు ఆమె భర్త చక్రధర్. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు కంప్యూటర్లను కాపాడే ఉద్యోగం ఆయనది. “నేనైతే జపాన్ క్లయింట్ కాల్స్‌లో కెమెరా ఆఫ్ చేసేస్తా. నువ్వు క్లాసులో ఆఫ్ చెయ్యలేవుగా.”

“చెయ్యలేనండీ,” అంది హైమావతి, తల ఊపుతూ.

“అమ్మా! యూ ఆర్ డూయింగ్ ఇట్ అగైన్ లా!” అని సింగపూరు యాస ఇంగ్లిష్‌లో అరిచింది కూతురు మహతి.

“చూశావా, అదే వద్దంటున్నది,” అన్నాడు చక్రధర్, తానూ తల ఊపుతూ.

“నాన్నా, యూ ఆల్సో! వై దిస్ ఫ్యామిలీ లైక్ దట్?”

ఆ వారమంతా ఆ ఇల్లు వ్యాయామశాల అయింది. చక్రధర్ విమానప్రయాణాల మెడదిండు తెచ్చి భార్య కంఠానికి కవచంగా తొడిగాడు. మహతి సారథ్యం వహించి ప్రశ్నబాణాలు సంధించింది: ఆకాశం నీలమా, ఇడ్లీ తెలుపా, నేను మంచిదాన్నా? హైమావతి దిండులోంచి గడ్డం దించి, ఎత్తి, దించి జవాబిచ్చింది. దిండు తీయగానే మెడ పాత దారే పట్టేది. మార్కెట్లో తమిళ కూరగాయలాయన “కరివేపాకు వేయనా అక్కా?” అంటే ఆమె బిగదీసుకుని నిలువుగా తలదించింది. ఆయన జాలిపడి, “మెడ పట్టేసిందా అక్కా? తైలం రాయండి, పోతుంది,” అని కరివేపాకు ఊరికే ఇచ్చాడు.

శుక్రవారం రానే వచ్చింది. తల్లులు, తీరిక దొరికిన కొందరు తండ్రులు, అతిథుల చెప్పులు తొడుక్కుని తరగతి వెనక గోడకు బారులు తీరారు. హినాతా తల్లి మూలన, చేతిసంచీ రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పిల్లలు లేచి వంగారు. హైమావతీ వంగింది. నడుముతో పాటు మెడ కూడా నిలువుగా దిగింది. శుభశకునం! పాట పాడారు, మెడ తాళం వేయబోతే పళ్లు బిగించి ఆపింది. గోడమీది పట్టిక చూస్తూ వారాల పేర్లు చెప్పారు. సోమవారానికి ఒక దించుడు, మంగళవారానికి ఒక దించుడు, ఆదివారం దాకా అక్షతంగా చేరుకుంది. బొమ్మల ఆటలో పిడికిలి, కత్తెర, కాగితం వేసి గెలిచిన పిల్లవాడు “ఎలిఫెంట్” అన్నప్పుడు మాత్రం కుడిచెవి భుజం వైపు జారిపోతుంటే, చెవిపోగు సవరించుకుంటున్నట్టు నటించి బయటపడింది.

అప్పుడా మెడ, ఏడాదిగా ఎదురులేని ఆ మెడ, లోలోపలి నుంచి సింహనాదం చేసింది.

“ఓసీ కృతఘ్నురాలా! నన్నే కట్టడి చేయజూచితివా? మీ అమ్మమ్మ నుండి మీ అమ్మకు, మీ అమ్మ నుండి నీకు సంక్రమించిన సనాతనగ్రీవమును నేను! పెళ్లిచూపుల నాడు ‘అబ్బాయి నచ్చాడా’ అనిన ప్రశ్నకు నీ సిగ్గు నోరు మూయగా, నీ తరఫున సమాధానమిచ్చినది ఎవరు? బేరములాడు వేళ, కచేరీల వేళ, ఇరుగమ్మ తన కష్టములు చెప్పుకొను వేళ, విసుగన్నది లేక ఊగినది ఎవరు? నేడొక పెంగ్విను కోసమై నన్ను నిటారుగా నిలబెట్టెదవా?”

“పెంగ్విను కోసమే!” అని హైమావతి మనసులో గర్జించింది. “ఊగుట నీ ధర్మమైనచో, ఆపుట నా ధర్మము! ఆ చిన్నదాని చెయ్యి దించినది నీవు. ఎత్తవలసినది నేను. కదలితివా, రేపటి నుండి నీకు గొలుసు లేదు, పూలచెండు లేదు, మెడదిండే శాశ్వతము!”

ఈ బెదిరింపుకు మెడ నివ్వెరపోయింది. అదే అదనుగా హైమావతి ఆఖరి బొమ్మ ఎత్తింది. పెంగ్విన్. చేతులు గుబురుగా లేచాయి. ఆమె ఎవరినీ పిలవలేదు. హినాతా వైపు చూస్తూ ఆగింది. ఫ్యాన్లు కూడా మెల్లగా తిరిగినట్టనిపించింది. హినాతా చెయ్యి బల్ల మీంచి కదిలి, పిలక దాకా వచ్చి, అక్కడ ఆగి, పిలకను ఓసారి లాగి, చివరికి లేచింది.

“పెంగ్విన్.”

ఆ క్షణంలో మెడ తన సర్వసేనలతో కుడివైపు దూకింది. హైమావతి ఎడమచేత్తో గడ్డం పట్టి, వేలిగోళ్లు గుచ్చుకునేంత గట్టిగా పట్టి, శిరస్సును కిందికి లాగింది. కళ్లద్దాలు ముక్కు చివరికి జారాయి. దిగింది! తల దిగింది! నిట్టనిలువునా, తాపీమేస్త్రి తూకందారమంత నిలువునా దిగింది!

హినాతా మొహం వాడిపోయింది.

“...డక్?” అంది.

వెనకవరుసలో ఒక పిల్లవాడు తల గోక్కున్నాడు. నకాజిమా రెండు చేతులతో నోరు మూసుకుంది. హైమావతి తల మళ్లీ దించింది, మరింత లోతుగా. హినాతా కళ్లలో నీళ్లు తిరిగాయి. “చికెన్?” అంది.

నకాజిమా ఇక మర్యాద పక్కన పెట్టి ముందుకు పరుగెత్తుకొచ్చింది.

“క్షమించండి హైమా సెన్సే, తప్పు నాదే! మీరు ఇబ్బంది పడతారని మీకు చెప్పలేదు. మంగళవారం నుంచి రోజూ పొద్దున్న హాజరు వేళ పిల్లలకు నేర్పిస్తున్నాను. హైమా సెన్సే తల ఇలా ఊగితే ఒప్పు అని. వాళ్లకు బాగా వచ్చేసింది. ఇప్పుడు మీరు కిందికి దించితే అది తప్పేమో అనుకుంటున్నారు!”

హినాతా తల్లి మూలనుంచి సన్నగా అంది: “మా పాప ఇంట్లో అద్దం ముందు కూడా ఊపుతోందండీ. పడుకోబోయే ముందు కూడా.”

హైమావతి గడ్డం మీంచి చెయ్యి తీసేసింది. తన మెడ కోసం ఈ పిల్లలు తమ మెడలు మార్చుకున్నారని తెలిసి ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ప్రతిజ్ఞ పోతే పోనీ, చారు చారు కాకపోతే మానె! ఆమె హినాతా ముందు మోకాళ్ల మీద కూర్చుని, పెంగ్విన్ బొమ్మ పట్టుకుని, నాలుగు రోజుల బందిఖానా నుంచి మెడకు విముక్తి ప్రసాదించింది. అదేం ఊపు! కుడికి వాలి, ఎడమకు వాలి, జుమ్కీలు బుగ్గలకు తగిలి, జడ వీపు మీద నాట్యమాడి, మూడు తరాల అమ్మమ్మల ఆమోదమంతా అందులో ఊగింది.

హినాతా ఆ తల వంక చూసింది. పళ్ల సందు బయటపడేలా నవ్వింది. రెండు పిలకలూ చెవుల మీద కొట్టుకునేలా తానూ ఊపింది. అది చూసి తరగతి ఊగింది. తరగతిని చూసి నకాజిమా ఊగింది. చేతిసంచీ పట్టుకునే హినాతా తల్లి ఊగింది. ఆఖరికి వెనకగోడ పొడుగునా, టై కట్టుకున్న తండ్రులు కూడా, కాస్త బిగుసుకుపోయినా, ఊగారు.

సాయంత్రం ఇంటి తలుపు తీస్తూనే మహతి అడిగింది. “సో? విన్ ఆ, లూజ్ ఆ?”

హైమావతి తల ఊపింది. ఈసారి ఎవరూ అరవలేదు.

శ్రోతలారా, ఈ కథ వినినవారి మెడనొప్పులు మాయమగుగాక! ఇవి దాని ఫలితములు: రాజ్యములు కూలలేదు, నిధులు దొరకలేదు, హైమావతి మెడ ఇసుమంతైనను బాగుపడలేదు. కానీ సింగపూరు ద్వీపమున, ఒక బడిలో, మూడో తరగతి గోడ మీద, ‘డక్’ అన్న మాటను హినాతా తన చేత్తో రబ్బరుతో చెరిపింది. ఇప్పుడక్కడ పెంగ్విన్ కింద ‘పెంగ్విన్’ అని ఉంది.