వరదరాజులుగారు పారబోసిన నీళ్లు

ఆళ్లగడ్డలో గోదా పెట్టుకున్న రక్తపరీక్షల ల్యాబు ఆ ఉదయం అద్దంలా మెరుస్తోంది. నంద్యాలలోని ఒక పెద్ద ఆసుపత్రి నుంచి డాక్టర్ ప్రియదర్శిని చూడడానికి వస్తున్నారు. ఆమెకు నచ్చితే ఆసుపత్రి పరీక్షలన్నీ ఇక్కడికే వస్తాయి. నచ్చకపోతే అద్దె కట్టలేక ల్యాబు మూసుకోవడమే. కూతురి పక్కన నిలబడాలని తండ్రి వరదరాజులు అహోబిలం నుంచి తొలి బస్సుకే వచ్చేశారు.

వరదరాజులుగారంటే సామాన్యులు కారు. గుడిలో స్వామి అభిషేకానికి వచ్చే పాలు పరీక్షించేది ఆయనే. బొటనవేలి గోటి మీద ఒక్క బొట్టు వేసుకుంటారు. అది జర్రున జారిందా, నీళ్లు కలిసినట్టే. బిందెతో సహా వెనక్కి పోవాల్సిందే. అలాంటి మనిషి చెవినే పడాలా ఆ మాట! బల్లలు తుడిచే స్పిరిట్‌లో నీళ్లు కలిపావా అని గోదా తన దగ్గర పనిచేసే ఎస్తేరును అడుగుతోంది. కలిపి సీసాలన్నీ నింపేశానని ఎస్తేరు తాపీగా చెప్పింది.

నా బిడ్డ నీళ్లు కలపడమా? డాక్టరమ్మ పట్టుకుంటే వంశం పరువేం కాను? వాళ్లిద్దరూ ముందు గదిలో కుర్చీలు సర్దుతుండగా ఆయన వెనక గదిలోకి దూరి, సీసాలన్నీ తొట్టిలో వంపేసి, పక్కనే పెద్ద డబ్బాలో ఉన్న, నీళ్లు కలపని స్పిరిట్‌తో నింపారు. ఆ హడావిడిలో సగం పంచె మీదే పడింది. పోతే పోయింది, పరువు నిలిచిందని పొంగిపోతూ గుమ్మంలో నిలబడి డాక్టరమ్మను ఆహ్వానించారు. నిలువు నామాలు, పట్టు ఉత్తరీయం, ఒళ్లంతా గుప్పుమనే స్పిరిట్ వాసన. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. బయట కాఫీ కూడా ముట్టని నాయన దగ్గర ఆ వాసనేమిటో అర్థంకాక, గోదా గబగబా డాక్టరమ్మను లోపలికి తీసుకెళ్లింది.

బల్ల తుడిచి చూపమన్నారు డాక్టరమ్మ. ఏ సీసా అయినా ముందు పరీక్షించాకే వాడాలన్నది గోదా పెట్టిన నియమం. ఎస్తేరు కొంచెం స్పిరిట్‌ను గాజు గొట్టంలో పోసి, బలం కొలిచే కడ్డీని అందులో వదిలింది. బలం మరీ ఎక్కువై, ఉండాల్సిన గీత దాటి కడ్డీ మునిగిపోయింది. ఇంకో సీసా తీస్తే అదీ అంతే.

"ఇవి వాడగూడదు మేడమ్," అంది ఎస్తేరు నిజాయితీగా.

డాక్టరమ్మ సంచి సర్దుకున్నారు. స్పిరిట్ కలపడమే రాని చోటికి, పైగా పొద్దున్నే తాగినవాళ్లు స్వాగతాలు చెప్పే చోటికి రోగుల రక్తం పంపలేనన్నారు. గోదా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి వరదరాజులు తట్టుకోలేకపోయారు.

"మా పాపది తప్పు లేదమ్మా. నీళ్లు కలిపి మోసం చేస్తాండారనుకోని నేనే పారబోసినా. తాగలేదు, పంచె మీద ఒలకబోసుకున్నా."

గోదా తల పట్టుకుంది. "ఏందీ నాయనా ఇది. నీళ్లు లేకుంటే స్పిరిట్ తొందరగా ఆరిపోతాది, క్రిములు సావవు. నూటికి డెబ్బై పాళ్లు స్పిరిట్టు, తక్కింది నీళ్లు ఉండాల."

డాక్టరమ్మ ఆయన పంచెను, గొట్టంలోని కడ్డీని మార్చి మార్చి చూసి, మళ్లీ కూర్చున్నారు.

"చాలా ల్యాబులు చూశాను. నా ఎదుటే తమ సీసాలు పనికిరావని తామే చెప్పినవాళ్లు మీరే. రేపటి నుంచి శాంపిళ్లు పంపుతాను."

తిరుగు బస్సులో వరదరాజులుగారిని పట్టేవాళ్లు లేరు. పక్క సీటువాళ్లు ముక్కు మూసుకున్నా వదలకుండా, మా గోదా నీళ్లు కలుపుతాది, ఎంత కలపాల్నో అంతే కలుపుతాది అని ఛాతీ విరుచుకుని చెప్పారు. గుడి వాకిట్లోనూ అదే చెప్పారు.

మర్నాడు పాలు తెచ్చినతను, ఆ కొలత తనకు కూడా చెప్పమని ఆయన్ని వినయంగా అడిగాడు.