సాసేజ్‌ల పూట మిగిలిన అరగంట

మంగళవారం రాత్రి వంట తొందరగా అయిపోవడంతో జ్ఞానసుందరికి ఒక అరగంట మిగిలింది. అది మడతపెట్టిన జాకెట్టు గుడ్డలా స్టవ్ పక్కన గట్టు మీద పడి ఉండగా, వార్డు ఆఫీసు తనిఖీదారు వచ్చి దాన్ని స్వాధీనం చేసుకున్నాడు.

తప్పు ఆమెదే. బట్టల షాపులో రోజంతా నిలబడి చీరలు చూపించి, ఇంటికొస్తూ చౌకలో చికెన్ సాసేజ్‌ల ప్యాకెట్ కొంది. ముక్కలు తరిగి, ఉల్లిపాయలు, క్యాప్సికం, కాస్త మిరియాల పొడి వేసి పెనం మీద వేయించి, పక్కన బ్రెడ్ కాల్చింది. ఇంత సులువుగా వంట ముగించే ఆడమనిషి మీద ప్రభుత్వానికి అనుమానం రావడం సహజం.

తనిఖీదారు గవర్రాజు మర్యాదస్తుడు. చెప్పులు బయటే విప్పాడు.

"ఈ అరగంట దేనికమ్మా?"

"బాల్కనీలో కూర్చుందామనండి."

"కూర్చుని?"

"ఏం లేదండి. ఊరికే."

గవర్రాజు ఇబ్బంది పడ్డాడు. కుట్టుపనికి, ప్రార్థనకి, ఆవకాయకి, పిల్లల చదువుకి అనుమతి ఉంది. ఊరికే కూర్చోవడం మగవాళ్ల కోటాలో ఉంది, అదేమో ఎప్పుడో భర్తీ అయిపోయింది. అందుకని ఇంట్లోవాళ్లను విచారించాడు.

భర్త విక్టర్‌బాబు సోఫాలోంచి లేవకుండానే వాంగ్మూలం ఇచ్చాడు. "సాసేజ్‌లు బానే ఉన్నాయండి. కానీ చారు లేదు, పెరుగన్నం లేదు. ఇది టిఫిన్ అవుద్ది గానీ భోజనం ఎలా అవుద్ది?"

అత్తగారు ఎస్తేరమ్మ రెండోసారి వడ్డించుకుంటూ అవునంది.

భోజనం కానప్పుడు వంట ముగిసినట్టు కాదు. వంట ముగియనప్పుడు సమయం మిగిలినట్టూ కాదు. గవర్రాజు లెక్కలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కత్తిపీట అడిగి తీసుకుని అరగంటను అక్కడే కోశాడు. పెద్ద ముక్క విక్టర్‌బాబుకి, ఫోన్ చూసుకోడానికి. ఇంకో ముక్క ఎస్తేరమ్మకి, సీరియల్‌కి. మిగిలిన పీలిక జ్ఞానసుందరికి, చారు కాచడానికి.

"అది నా అరగంటండి," అంది జ్ఞానసుందరి. ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది. పొద్దుట్నుంచీ వాచిపోయిన కాళ్లు ఆ కాస్త సమయం కోసమే ఇంటిదాకా నడిచొచ్చాయి.

"మీదేనమ్మా, ఎవరు కాదన్నారు," అన్నాడు గవర్రాజు దయగా. "మీది కాబట్టే ఇంట్లోవాళ్లకి పంచాం."

విక్టర్‌బాబుకి ఈ పద్ధతి బాగా నచ్చింది. "రేపు కూడా సాసేజ్‌లే చెయ్యి," అన్నాడు.

మర్నాడు కూడా ఆమె అవే చేసింది. అయితే చేసినట్టు ఎవరికీ చెప్పకుండా మూత పెట్టేసింది. వెలిగించని పొయ్యి మీద ఒక ఖాళీ గిన్నె పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, అందులో గరిటె తిప్పసాగింది. వరండా కిటికీలోంచి గవర్రాజు తొంగి చూశాడు.

"ఇంకా అవలేదామ్మా?"

"టైము పడుద్దండి."

"కానివ్వండి," అని సంతృప్తిగా వెళ్లిపోయాడు.

చెయ్యి నొప్పెట్టి ఆమె ఒక్క క్షణం ఆగింది. "ఏంటి, అయిపోయిందా?" అని హాల్లోంచి విక్టర్‌బాబు కేకేశాడు. మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. ఆ కాస్త ఆగినప్పుడే, కిందింట్లోంచి, ఎదురింట్లోంచి, పై అంతస్తులోంచి కూడా ఖాళీ గిన్నెల్లో గరిటెలు తిరుగుతున్న చప్పుడు ఆమెకి వినబడింది. ఇన్నేళ్లూ వాళ్లంతా వంట చేస్తున్నారనే అనుకుంది.