నొప్పికి ఇద్దరు సాక్షులు

మానవ చరిత్రలో నొప్పికి క్రమశిక్షణ నేర్పిన తొలి ప్రాంతం మా దిల్‌సుఖ్‌నగర్ అని ఇందుమూలంగా తెలియజేయడమైనది. అంతకుముందు నొప్పి ఎవరికి పడితే వారికి, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేది. ఇప్పుడలా కుదరదు. మత్తు కోసం గట్టి నొప్పి మాత్రలు మింగే బ్యాచ్ ఒకటి తయారైందని, వాళ్లను అరికట్టడానికి 'నొప్పి నిజానిజాల నిర్ధారణ కేంద్రం' తెరిచారు. కేంద్రం సీలు లేనిదే ఏ మెడికల్ షాపువాడూ ఆ మాత్రలు ఇవ్వకూడదు. (మత్తు బ్యాచ్‌కు ఈ ఇబ్బంది లేదు. వాళ్లకు సరుకు బైకు మీద ఇంటికే వస్తుంది.)

మా పక్కింటి ఎలీశమ్మ హాస్టల్లో వంట చేస్తుంది. సాంబారు గిన్నె దించుతూ జారిపడింది, వెన్నులో నరం నొక్కుకుపోయింది. డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటే పొయ్యి ముందు నిలబడగలదు, లేకపోతే మంచం దిగలేదు. కాబట్టి కూతురు హెప్సిబా ఆమెను కేంద్రానికి తీసుకెళ్లింది. నేను సాక్షిగా వెళ్లాను. (నొప్పికి ఇద్దరు సాక్షులుండాలి, ఒకరు ఇంటివారు, ఒకరు బయటివారు. స్థలం రిజిస్ట్రేషన్‌కు మాత్రం అడగరా ఏమిటి?)

నిర్ధారణాధికారి భానుమూర్తి గారు బందరు వైపు మనిషి, మర్యాదస్తుడు. “ఎలా ఉన్నారమ్మా?” అని ఆప్యాయంగా అడిగారు.

ఎలీశమ్మ చర్చికి కట్టే చీర కట్టుకుని, మొహానికి పౌడరు రాసుకుని వచ్చింది. ఆఫీసుకు పోతూ ఎవరైనా పాత చీర కడతారా? “ప్రభువు దయతోటి మంచిగున్న సార్. మీరు మంచిగున్నరా?” అంది.

'రోగి తాను క్షేమమని స్వయంగా ప్రకటించారు' అని ఆయన రాసుకున్నారు.

“అయ్యో సార్, ఎవరడిగినా గట్లనే అంటది. కింద పడ్డ రోజు అంబులెన్సోళ్లకు గూడ మంచిగున్న అనే చెప్పింది,” అని హెప్సిబా మొత్తుకుంది.

“అంటే అప్పటి నుంచీ క్షేమమే అన్నమాట,” అని ఆయన ఆ ముక్క కూడా చేర్చారు. “పోనీ, మీ నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారమ్మా?”

“మోయలేనంత ఆయన ఎవ్వరికియ్యడు సార్,” అని ఎలీశమ్మ పైకి చూపించింది. భానుమూర్తి గారు కూడా భక్తిగా పైకి చూశారు. (పై అంతస్తులో పై అధికారి ఉంటారు.) 'మోయదగిన నొప్పి' అని రాసి పంపేశారు.

ఇంటికొచ్చాక హెప్సిబా నెత్తి కొట్టుకుంది. “నీకు దండం పెడ్త అమ్మా, ఈసారి మంచిగున్న అనకు. జర ఏడ్వు.”

“పరాయోళ్ల ముంగట ఎట్ల ఏడుస్తనే? ఏమనుకుంటరు?”

అయినా రెండోసారి నలిగిన చీరతోనే వెళ్లింది. తల దించుకుని, “మస్తు నొస్తున్నది సార్. జర ఆ గోలీలు ఇప్పియ్యున్రి,” అంది. ఆ మాట అనడానికి ఆమె పడిన సిగ్గు చూసి నాకే ఏడుపొచ్చింది.

భానుమూర్తి గారి కళ్లు మెరిశాయి. “చూశారా, మందు కోసం ప్రాధేయపడుతున్నారు. ఇది వ్యసన లక్షణమండీ,” అని నాకు వివరించారు. నిబంధన ప్రకారం అడగనివారికి నొప్పి లేదు, అడిగినవారికి వ్యసనం ఉంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగినందుకే పెట్టలేదు.

“అయితే ఇంకెవరికిస్తరు సార్ మీరు?” అని హెప్సిబా నిలదీసింది.

“ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదమ్మా. దుర్వినియోగం సున్నా!” అన్నారాయన, గర్వంగా.

ఎలీశమ్మను ఎల్‌బీ నగర్‌లో వ్యసన విముక్తి తరగతులకు పంపారు. అక్కడ బాసింపట్టు వేసుకుని చాప మీద కూర్చోవాలి. వెన్ను నిటారుగా ఉండాలి. విద్యార్థిని ఆమె ఒక్కతే. (మత్తు బ్యాచ్‌కు తీరిక లేదు.) ఈలోగా హాస్టల్ వాళ్లు ఇంకో వంటమనిషిని పెట్టుకున్నారు.

తరగతులు ముగిశాక భానుమూర్తి గారు తేల్చేశారు. ఇన్నాళ్లూ మాత్ర లేకుండా ప్రాణాలతో ఉన్నారు కనుక ఆమెకు మాత్ర అవసరం లేదు. పైగా కేంద్రానికి ఇది తొలి విజయం కనుక సన్మానం కూడా చేస్తారట. వేదిక మీద ఎలీశమ్మ నిలబడలేకపోతే, హెప్సిబా, నేనూ చెరో జబ్బ పట్టుకుని నిలబెట్టాం. శాలువా కప్పారు, ఫోటో తీశారు. నాకు కడుపు మండిపోయింది గానీ, ఎవరినైనా ఒకటి పీకాలంటే ఆమె చెయ్యి వదలాలి.

ఆ ఫోటో ఇప్పుడు కేంద్రం గోడ మీద ఉంది. అందులోంచి మమ్మల్నిద్దర్నీ కత్తిరించేశారు. కింద పెద్ద అక్షరాలతో రాశారు: 'మాత్ర లేకుండా నిలబడిన తొలి మహిళ.'